పదో అంతస్తు దాటిన లిఫ్ట్

హలో… ఆ, నేనే. నా ఫోన్ నేను కాక ఇంకెవరెత్తుతారే? నాకేమైనా గుమాస్తాలున్నారా?

ఆగు, ఆగు. ఇక్కడ మోటారు మోత. ఒక్క క్షణం… ఆ, ఆపేశాను. ఇప్పుడు చెప్పు అమ్మడూ.

… ఎక్కడ ఇరుక్కున్నావు?

లిఫ్ట్‌లోనా!

… నవ్వట్లేదు. నవ్వట్లేదే, దగ్గు. మీ మావయ్య ఇరవై ఆరేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడని ఇంట్లో ఒక్కళ్ళకీ గుర్తుండదు. ఇవాళ గుర్తొచ్చిందన్నమాట. సంతోషం.

సరే, ఏడవకు. ముందు ఊపిరి తీసుకో… ఇంకోసారి… గాలికేం లోటుండదు. పైన కన్నాలుంటాయి, పక్కన సందులుంటాయి. లిఫ్ట్ అంటే మూత బిగించిన సీసా కాదు.

తెగి పడదు… పడదంటే పడదు. సినిమాల్లో పడుతుంది. నీ నెత్తిమీద ఉన్నది ఒక్క తాడు కాదు, అయిదో ఆరో ఉంటాయి. వాటిలో ఒక్కటి చాలు, నిన్నూ మీ అమ్మనీ మీ నాన్న పొట్టనీ కలిపి మొయ్యడానికి. అన్నీ తెగినా కింద బ్రేకులు పట్టాల్ని కరిచి పట్టుకుంటాయి… ఒట్టు. లిఫ్టు విషయంలో నేను అబద్ధం ఆడను. మిగతా విషయాలు తర్వాత చూసుకుందాం.

అమ్మకి చేశావా?… మంచి పని, చెయ్యకు. చేస్తే అక్క వెంటనే నాకు చేసి తిడుతుంది. లోకంలో ఎక్కడ లిఫ్ట్ ఆగినా మా అక్క లెక్కలో తప్పు నాదే.

పైన ఏ అంకె వెలుగుతోంది?… పది. పదకొండు ఇంకా రాలేదు. అంటే మధ్యలో ఉన్నావు. గంట బటన్ నొక్కావా?… ఏమంది?… ‘మీ పిలుపు మాకు చాలా ముఖ్యం’ అందా. అయితే గంట పడుతుంది. ముఖ్యమైన వాళ్ళని ఎక్కడైనా గంట కూర్చోబెడతారు.

ఇంటర్వ్యూ ఎన్నింటికి?… పదికి. పద్నాలుగో అంతస్తులో. ఇప్పుడు అక్కడ టైమెంత?… తొమ్మిదీ నలభై. కంగారేం లేదు. కింద ఎవరికైనా చెప్పి ఎక్కావా?… ఎవరూ లేరు. గేటు దగ్గర వాళ్ళు పంపిన కార్డు గీకితే తలుపు దానంతటదే తెరుచుకుంది. బాగుంది. మనిషి ఉంటే కదా మనిషిని పిలవడానికి.

ఏంటి, మాట తెగుతోంది?… ఇంకో కాల్ వస్తోందా. ఎవరిది?… తెలియని నెంబరు. ఎత్తకు. ఎత్తకే! లిఫ్ట్ గోతిలో సిగ్నల్ దొరకడమే గొప్ప, అదెత్తితే నేను పోతాను. నాకూ రోజుకి పది వస్తాయి అలాంటివి, ఊరి చివర స్థలాలు కొనుక్కోమని. కూయనీ, అదే ఊరుకుంటుంది.

… ఆగిందా? సరే. నీతోపాటు ఇంకెవరున్నారు లోపల?… ఒకాయనా. కోటు, టై, తోలు సంచీ. మరి గుసగుసలెందుకు? ఆయనకి తెలుగు రాదుగా?… రాదు. అయితే గట్టిగా మాట్లాడు, హాయిగా తిట్టుకోవచ్చు కూడా. ఎవరట?

… ఏం చేశావూ?

మళ్ళీ చెప్పు. లిఫ్ట్ ఎక్కగానే ముక్కూ మొహం తెలియని మనిషి వైపు తిరిగి, నీ గొప్పలు నువ్వే చెప్పుకున్నావా?

… ఓహో. కాలేజీలో నేర్పారా. ఉద్యోగాల మేడమ్. లిఫ్ట్‌లో పెద్ద ఆఫీసరు తగిలితే, ఆయన దిగేలోపు ముప్పై సెకన్లలో మన గురించి అప్పజెప్పెయ్యాలి. ఎన్నిసార్లు ప్రాక్టీసు చేయించింది?… అద్దం ముందు నలభైసార్లు.

అసలు ఆ మేడమ్ ఎప్పుడైనా లిఫ్ట్ ఎక్కిందటే? నా సగం బతుకు లిఫ్టుల్లోనే గడిచింది, నేను చెబుతా విను. లిఫ్ట్ ఎక్కినవాడు చేసే పని ఒక్కటే, మెడ పైకెత్తి అంకెలు చూడ్డం. మొగుడూ పెళ్ళాలు కూడా లోపల మాట్లాడుకోరు. పక్కనున్నవాడు పలకరిస్తే తర్వాతి అంతస్తులో దిగిపోయి మెట్లెక్కుతారు. అలాంటి చోట ఉద్యోగం అడుక్కోమని నేర్పడానికి ఆవిడకి జీతమా!

… ఏం చెప్పావో నాకూ చెప్పు… ఊఁ… ‘ఫలితాల కోసం తపించే మనిషిని.’ ఎప్పట్నించి?… ‘నలుగురితో కలిసి పనిచెయ్యడం నా స్వభావం.’ చిన్నప్పుడు నీ పెన్సిలు చెల్లెలు ముట్టుకుంటే వీధి చివరికి వినపడేలా ఏడ్చేదానివి కదే… ‘నా బలహీనత ఒక్కటే, పని మొదలుపెడితే ఆపలేను.’ ఇది బాగుంది. మా ఇంజనీరు గారికి చెబుతాను, అయ్యా నా బలహీనత మీ పని కూడా నేనే చేసెయ్యడం అని. బిగించేది నేను, కాగితం మీద సంతకం ఆయనది. చదువుకున్న చెయ్యి కదా.

సరే, చెప్పావు. ఆయనేమన్నాడు?

… ఆగు, నాకర్థం కాలేదు. ఆయన కూడా చెప్పాడా?… ఆయన కూడా ఫలితాల కోసం తపిస్తున్నాడా!

… వాడూ విద్యార్థేనా! ఇంకో దేశం నుంచి వచ్చిన పిల్లాడు. నిన్ను చూసి నువ్వే ఆఫీసరువనుకున్నాడు… అదే ఉద్యోగానికి!

… ఇది దగ్గు కాదు, నవ్వే. ఉండు, కళ్ళు తుడుచుకోనీ… అంటే ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఉద్యోగం అడుక్కున్నారు. ‘మీ వివరాలు పరిశీలించి కబురు చేస్తాం’ అనైనా అనకపోయావా, పాపం సంతోషించేవాడు.

— ఆ, సెక్రటరీ గారూ, చూస్తున్నాను. మీ లిఫ్టే చూస్తున్నాను… ఫోన్‌లోనూ లిఫ్టే సార్… మెట్లున్నాయి కదండీ. ఉన్నవి అయిదంతస్తులు. డాక్టరు నడవమన్నాడని మీరే చెప్పారు నిన్న.

ఆ, అమ్మడూ. ఈ బిల్డింగు సెక్రటరీ. లిఫ్ట్ ఆగి పది నిమిషాలైతే పదేళ్ళైనట్టు… ఎవరితోనో నవ్వుతున్నానా? నీతోనే.

… సరే, నవ్వను. తెలుసు. తెలుసే, పదకొండు రోజులు. ఈ పదకొండు రోజుల్లో ఉద్యోగం కాగితం చేతికి రాకపోతే ఆ దేశం వాళ్ళు పెట్టె సర్దుకోమంటారు. రెండువందల పద్నాలుగు దరఖాస్తులు పెట్టావు, పిలిచింది వీళ్ళొక్కరే. మీ అమ్మ రోజూ చెబుతుంది. నేను వెటకారంగా వింటాను గానీ, వింటాను.

అందుకే చెప్పేది జాగ్రత్తగా విను. ఆగేటప్పుడు మెల్లగా ఆగిందా, టక్కున ఆగిందా?… టక్కున. దీపాలు?… వెలుగుతున్నాయి. ఫ్యాను?… తిరుగుతోంది. అయితే కరెంటు కాదు. ఎవరో తలుపుతో పెట్టుకున్నారు. నువ్వు తలుపు ముట్టుకున్నావా?… వాడు?… బాగా గుర్తు తెచ్చుకో. వాడెక్కడ నిలబడ్డాడు?

… తలుపుకి ఆనుకుని. ఎక్కినప్పట్నించీ అలాగే. కదలకుండా, చాలా హుందాగా… ఆ హుందా చూసే ఆఫీసరనుకున్నావా?

నీ ఫోన్లో లైటు వెయ్యి. వాడి వెనక, రెండు తలుపులూ కలిసేచోట, కింది నుంచి పైకి చూసుకుంటూ రా. సందులో ఏమైనా ఉందా?

… నల్ల గుడ్డ.

అది హుందాతనం కాదే పిచ్చిమొహమా, కోటు ఇరుక్కుంది! తలుపు మూసుకుంటుంటే దూరాడు, కోటు అంచు తలుపులో పడింది. నీకు చెప్పడానికి సిగ్గు. దారిలో నువ్వు చూడకుండా గుంజాడు. గుంజితే తలుపు వేలెడు తెరుచుకుంది, లిఫ్ట్ ఆగిపోయింది. ఆగాలి కూడా. తలుపు తెరుచుకుని పరిగెత్తే లిఫ్ట్ ఎక్కడా ఉండదు… అడుగు వాణ్ణి… ఒప్పుకున్నాడా. ముప్పై సెకన్ల ప్రసంగంలో ఈ ముక్క చెబితే ఈపాటికి పైన కూర్చుని మంచినీళ్ళు తాగుతుండేవాళ్ళు.

ఇప్పుడేం చెయ్యాలంటే… ఏంటి? మళ్ళీ అదే నెంబరా? వీడెవడే జిడ్డులా తగులుకున్నాడు! ఎత్తకు. నా మాట విను, నేను సగంలో ఉన్నాను.

… ఆ శబ్దమేంటి? కీచుమంది. ఏం చేస్తున్నాడు వాడు?

… కోటు విప్పేసి, సందులో వేళ్ళు పెట్టి, తలుపు లాగుతున్నాడా. ఎంత తెరిచాడు?… మనిషి పట్టేంత. అవతల అంతస్తు వైపున్న బయటి తలుపు కూడా లాగేశాడా. ఏం కనిపిస్తోంది?… కింద పదో అంతస్తు నేల. ఎంత కింద?… నీ నడుమెత్తు.

అమ్మడూ. జాగ్రత్తగా విను. నవ్వట్లేదిప్పుడు.

… దూకేస్తే అయిపోతుందా. అక్కణ్ణించి మెట్లమీద పరిగెడితే టైముకి అందుకుంటాం అంటున్నాడు. నీకూ దూకాలనే ఉంది కదా?… నీ గొంతు నాకు తెలీదా.

దూకేది ముందుకి. పాదాలు నేలమీదే పడతాయి. పడ్డాక ఒళ్ళు వెనక్కి తూలుతుంది. వెనకేముంటుంది చెప్పు? లిఫ్ట్ ఉండదు, అది నీ నడుమెత్తున పైనుంది. దాని కిందంతా ఖాళీ. పదంతస్తుల గొయ్యి.

… ఎలా తెలుసంటే, తెలుసు. నాతో పనిచేసినవాడు ఒకడుండేవాడు. నాకు పని నేర్పినవాడు. ఇలాగే, నడుమెత్తే. లిఫ్ట్‌ని నేల మట్టానికి తేవడానికి బద్ధకమేసి, టీ తాగొస్తానని దూకాడు… ఆ తర్వాత పదిరోజులు నేను లిఫ్ట్ ఎక్కలేదు. లిఫ్టులు బాగుచెయ్యడానికి మెట్లెక్కి వెళ్ళాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

… వాడు వినట్లేదా? అంచు మీద కూర్చున్నాడా? పోతే పోనీ, నీకు పోటీ ఒకడు తగ్గు— ఛీ. నా నోరు పడిపోను. ఆ మాట నేననలేదు. పట్టుకో వాణ్ణి! చొక్కా పట్టుకో, టై పట్టుకో, ఏది దొరికితే అది! నాకు అతని భాష రాదు, నువ్వు చెప్పు, గొయ్యి అని చెప్పు, చచ్చిపోతావురా అని చెప్పు!

…

అమ్మడూ?

… వెనక్కొచ్చాడా. కూర్చున్నాడా. అమ్మయ్య. కిందికి చూశాడా?… చూశాక వచ్చాడన్నమాట. అదీ మంచిదే. భుజం తట్టు.

ఇక ఫోన్ స్పీకర్లో పెట్టి నేల మీద పెట్టు. వినపడుతోందా?… ముందు బయటి తలుపు వదిలెయ్, అదే మూసుకుంటుంది… ‘టక్’ అందా?… ఊఁ. ఇప్పుడు లోపలి తలుపులు. కోటు అంచు ఇంకా ఉందా?… కింద గాడిలో ఇరుక్కుందా. అదే దయ్యం. అది పోతే గానీ తలుపు పూర్తిగా మూసుకోదు, మూసుకోకపోతే లిఫ్ట్ కదలదు. నీ దగ్గర కత్తెర… లేదు. గోళ్ళు కత్తిరించుకునేది?… అదే కావాల్సింది. కత్తిరించు.

… ఏమంటున్నాడు? కత్తిరించొద్దా? ఎందుకట?… చంకలో ధర చీటీ ఇంకా ఉందా. ఇవాళ్టికి తొడుక్కుని రేపు షాపులో తిరిగి ఇచ్చేద్దామనుకున్నాడు. ఓరి నాయనా, ఇందాక గోతిలోకి దూకడానికి సిద్ధపడ్డవాడికి ఇప్పుడు కోటు మీద బెంగా! కత్తిరించు, నేను చెబుతున్నాను.

… ఏంటి?… మూడోసారా! అదే నెంబరు! వాడి మొహం మండా— వదిలెయ్. కత్తిరించు ముందు… తెగిందా? గాడిలో పోగు కూడా ఉండకూడదు. లైటు వేసి చూడు… సరే. ఇప్పుడు నువ్వొక తలుపు, అతనొక తలుపు, అరచేతులు బల్లపరుపుగా ఆనించి మధ్యకి తొయ్యండి. సందులో వేళ్ళు పెట్టకండి. మెల్లగా… ఇంకా…

చప్పుడైందా?

… పద్నాలుగు నొక్కు.

… కదిలిందా! పైకేనా?… చూశావా. చూశావా మరి! పన్నెండు… పదమూడు… ఎందుకేడుస్తున్నావే ఇప్పుడు? ఆగినప్పుడు ఏడవాలి గానీ.

— సెక్రటరీ గారూ, అయిదు నిమిషాలు. అన్నాను కదా అయిదని… ఇందాక అన్నది ఆ అయిదు, ఇది ఈ అయిదు.

… దిగారా. టైమెంత?… పదీ నాలుగు. నాలుగు నిమిషాలకి కొంపలేం మునగవు. నువ్వు వెళ్ళి చెప్పు, లిఫ్ట్ ఆగింది, మేమే బాగుచేసుకుని వచ్చాం అని. ఫోన్ పెట్టకు, చేతిలో ఉంచుకో. నేనూ వింటాను.

అమ్మడూ, ఒకటడగనా? నువ్వా కాలేజీలో చేరేటప్పుడు వ్యాసం రాశావు, మీ అమ్మ చదివి వినిపించింది. అందులో ‘మా మావయ్య నిలువు రవాణా నిపుణుడు’ అని రాశావు. బాగానే ఉందిలే. అప్పట్నించీ అడుగుదామనుకుంటున్నాను, లిఫ్ట్ మెకానిక్ అని రాస్తే సీటివ్వనన్నారా?… ఆ మేడమే మార్చమందా. సరేలే. ఊరికే అడిగాను. వెళ్ళు, ఆ బల్ల దగ్గర అమ్మాయితో మాట్లాడు.

…

…

ఏమంటోంది?

… ఇక్కడ ఇంటర్వ్యూ లేదా? మరి రమ్మన్నారుగా!… ఆ గదిలో కూర్చోవాలి, ఫోన్ వస్తుంది. ఎవరు చేస్తారు?… మిషనా.

మిషన్ ఫోన్ చేసి ప్రశ్నలడుగుతుంది. దానికి జవాబులు చెబితే తర్వాత మనుషులు చూస్తారు. ఇస్త్రీ బట్టలేసుకుని పద్నాలుగంతస్తులెక్కి, చివరికి మిషన్‌తో ఫోన్లో మాట్లాడాలి. ఆ ముక్క ఇంట్లో మంచం మీద కూర్చుని… సరే, ఎప్పుడు చేస్తుందట?

… గేటు దగ్గర కార్డు గీకగానే దానికి తెలిసిపోతుందా.

అప్పట్నించీ చేస్తూనే ఉందా.

…

ఆ నెంబరు… అదేనా.

… ఎన్నిసార్లు చేస్తుందట?… నాలుగు. నాలుగోసారి కూడా ఎత్తకపోతే, ఈ మనిషికి ఉద్యోగం మీద ఆసక్తి లేదని పేరు కొట్టేస్తుంది.

మూడయ్యాయి. మూడూ నేనే ఎత్తనివ్వలేదు.

… నీ తప్పేం లేదు, నేను చెప్పాను, నువ్వు విన్నావు. ఇంట్లో నా మాట విన్నదానివి నువ్వొక్కదానివే, చూడు ఏమైందో.

మరి అతను? అతనికెన్ని?… నాలుగూ అయిపోయాయా! ఎలా?… నీకంటే ముందొచ్చి కింద ప్రసంగం ప్రాక్టీసు చేసుకున్నాడు. ఫోన్ మూగ చేసి సంచీలో పెట్టాడు. ఇంటర్వ్యూకెళ్తే ఫోన్ మోగకూడదని వాళ్ళ మేడమ్ కూడా నేర్పింది… ఇప్పుడేం చేస్తున్నాడు?… తెగిన కోటు చేతిమీద వేసుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. మంచినీళ్ళు ఇప్పించు. ఏం అనకు, ఊరికే ఇప్పించు. పేరు కూడా అడుగు, ఇందాక ప్రసంగంలో విని మర్చిపోయుంటావు.

నీకు ఒకటుంది ఇంకా. నువ్వు గదిలోకెళ్ళు. నేను పెట్టేస్తాను… భయమా. గోతి అంచున మనిషిని టై పట్టుకుని లాగావు, మిషన్‌కి భయమా?

విను. నేను ఎనిమిదో తరగతితో ఆగినవాణ్ణి, నా సలహా ఎంతుంటే అంతుంటుంది. ఆ తపించే ముక్క మాత్రం చెప్పకు. ఇవాళ పొద్దున అదే ముక్క ఆ మిషన్ ఎంతమంది దగ్గర వినుంటుందో. నీ గురించి చెప్పమంటే కోటు సంగతి చెప్పు. దూకాలనిపించిందని చెప్పు, దూకలేదని చెప్పు. మిషన్ అడిగింది కాబట్టి మిషన్ కబుర్లే చెప్పు, అదైనా సంతోషిస్తుంది.

ఇంకా… ఎవరు నేర్పారని అడిగితే మాత్రం, ఆ నిలువు రవాణా గొడవ వద్దు. లిఫ్ట్ మెకానిక్ అని చెప్పు. వినేది మిషనే కదా, సిగ్గేం—

… వస్తోందా? అదే నెంబరా?

ఎత్తు! ఎత్తవే తల్లీ, నాతో ఏంటింకా, నేను పెట్టే—